పొద్దున హాజరు వేళకే అప్‌డేట్ అడుగుతున్న యాప్: రాత్రే అయిపోయే దారి ఉందా?

చందంపేట దారి
సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. ఇవాళ జరిగింది ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప నిద్ర పట్టేట్టు లేదు, అందుకే రాస్తున్నాను.

నాది దేవరకొండ అవతల ఒక తండాలో పని. చిన్నపిల్లల బరువులు, ఎత్తులు చూసి ఫోన్లో ఎక్కించాలి. అంతకన్నా ముందు 9:30 లోపు ఫొటోతో హాజరు వేయాలి. ఇవాళ 9:05కి యాప్ తెరిస్తే ‘కొత్త వెర్షన్ వచ్చింది, అప్‌డేట్ చేయండి’ అని వచ్చింది. కింద ఒకటే బటన్. తర్వాత చేస్తానందామంటే అసలు ఆ మాటే లేదు. మా తండాలో సిగ్నల్ అందేది వాటర్ ట్యాంకు మెట్ల మీదే. ఐదో మెట్టు ఎక్కి ఫోన్ పైకి పట్టుకుని నిలబడ్డాను. 62 శాతం దగ్గర గీత ఆగిపోయింది. చెయ్యి మార్చాను, ఇంకో మెట్టు ఎక్కాను, కదల్లేదు. కింద పిల్లలు ఎండలో నిలబడ్డారు. మనవడిని చంకనేసుకున్న ఒక ముసలమ్మ ‘ఇంకెంతసేపమ్మా’ అని అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియలేదు. పూర్తయ్యేసరికి 9:48. హాజరు సగం రోజు కిందే పడింది.

పోయిన నెలలో ఇంకోటి జరిగింది. కాటా మీద పాపను కూర్చోబెట్టాను. 9 కిలోల 400 గ్రాములు. అంకె కొట్టి సేవ్ నొక్కేలోపే యాప్ మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే కొత్త రంగులు, కొత్త మొదటి పేజీ. ఆ పాపది, అంతకు ముందు ఎక్కించిన నలుగురిదీ ఏదీ లేదు. తల్లులను మళ్లీ పిలిపించాను. ఒకామె పత్తి ఏరడానికి పోయింది, సాయంత్రం దాకా రాలేదు.

నేను అడిగేది రెండు మాటలు. ఈ అప్‌డేట్ ఏదో రాత్రి పడుకున్నప్పుడే అయిపోయేలా పెట్టుకోవచ్చా? రెండోది, పని మధ్యలో ఇలా తలుపు మూసేయడం తప్పనిసరా, లేక చేసేవాళ్లు పట్టించుకోక చేస్తున్నారా?

నల్గొండ మెకానిక్
సోమవారం, రాత్రి 9:34

అక్కా, మా కొట్టుకు వారానికి ఇద్దరు ముగ్గురు ఇదే తక్లీఫ్‌తో వస్తారు. ముందు ఇవి చెప్పండి. ఇంట్లో వైఫై ఉందా? రాత్రి ఛార్జింగ్ పెట్టేటప్పుడు డేటా ఆన్‌లో ఉంటుందా? ఫోన్లో ఖాళీ ఎంత?

చందంపేట దారి
సోమవారం, రాత్రి 9:51

వైఫై లేదు తమ్ముడూ, సిమ్ డేటానే. రోజుకు 1.5 జీబీ ప్యాక్. పడుకునే ముందు డేటా ఆఫ్ చేస్తాను, పిల్లలు చూస్తారని, ఊరికే అయిపోతుందని. ఫోన్ 64 జీబీ, ఖాళీ 3 జీబీ చూపిస్తోంది.

నల్గొండ మెకానిక్
సోమవారం, రాత్రి 10:20

అనుకున్నదే. ఇందులో మీ పొరపాటు లేదక్కా, మన ఇళ్లలో ఫోన్ వాడే తీరుకూ ప్లే స్టోర్ పెట్టుకున్న షరతులకూ కుదరడం లేదు.

ప్లే స్టోర్ తనంతట తాను అప్‌డేట్ చేయాలంటే ఫోన్ ఛార్జింగ్‌లో ఉండాలి, ఎవరూ వాడకుండా పక్కన పెట్టి ఉండాలి, ఆ యాప్ తెర మీద తెరిచి ఉండకూడదు, లెక్క లేని నెట్ ఉండాలి. లెక్క లేని నెట్ అంటే ఇంటి వైఫై లాంటిది. రోజుకు ఒకసారి కొత్త వెర్షన్లు ఉన్నాయేమో చూసుకుని వరుసలో పెట్టుకుంటుంది, ఇవన్నీ కలిసినప్పుడు దించుకుంటుంది. పట్నంలో వైఫై ఉన్న ఇంట్లో రోజూ రాత్రి ఇవన్నీ వాటంతట అవే కలుస్తాయి. అందుకే వాళ్లకు అప్‌డేట్ అయిన సంగతే తెలియదు. మన దగ్గర ఛార్జింగ్ పెట్టినప్పుడు డేటా ఆఫ్, డేటా ఆన్‌లో ఉన్నప్పుడు ఫోన్ చేతిలో. ఏ రోజూ కలవదు. వరుసలో ముప్పై యాప్స్ పేరుకుంటాయి. చివరికి యాప్ వాళ్లే ‘ఇక పాతది చెల్లదు’ అని ఆపే రోజు వస్తుంది. ఆ సంగతి మీకు తెలిసేది పొద్దున 9:05కి.

చేయాల్సింది ఇది. ప్లే స్టోర్ తెరిచి పైన కుడి మూలలో మీ బొమ్మ నొక్కండి, సెట్టింగ్స్‌లోకి వెళ్లండి, నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్‌లో ఆటో అప్‌డేట్ అని ఉంటుంది. ‘వైఫై మాత్రమే’ అని ఉంటే తీసేసి మొబైల్ డేటాకూ ఒప్పుకునేది పెట్టండి. కొన్ని ఫోన్లలో ‘పరిమిత మొబైల్ డేటా’ అనేది కూడా కనిపిస్తుంది, ఉంటే అదే పెట్టండి. రాత్రి డేటా ఆఫ్ చేయకుండా ఛార్జింగ్ పెట్టండి.

డేటా అయిపోతుందన్న భయం నాకూ తెలుసు. కానీ ఒకటి ఆలోచించండి. రోజు ప్యాక్ అర్ధరాత్రి 12కి మళ్లీ కొత్తగా మొదలవుతుంది. రాత్రి 10కి మీ దగ్గర 800 ఎంబీ మిగిలి ఉంటే అది 12 దాటాక ఎలాగూ పోయేదే. ఆ రెండు గంటల్లో అప్‌డేట్‌కు వాడితే మీ జేబు నుంచి పోయేది ఏమీ లేదు. మా ఇంట్లో అమ్మ ఫోన్‌కు నేను చేసేది ఇదే. 10:30కి ప్లే స్టోర్ తెరిచి పని యాప్స్ రెండు మూడు అప్‌డేట్ నొక్కి ఛార్జింగ్ పెట్టేస్తాను.

జడ్చర్ల పత్తి
సోమవారం, రాత్రి 10:41

నేను ఆటో అప్‌డేట్ పూర్తిగా బంద్ చేసి రెండేళ్లు అయింది. నిమ్మళంగా ఉంది. పత్తి సీజన్‌లో బాదేపల్లి యార్డులో బండి దించి డబ్బు పంపే వేళకు యాప్ రూపం మారిపోయి ఉంటే ఎంత టెన్షనో మాకు తెలుసు. మా నాన్నకు 68 ఏళ్లు. ఏ మూలలో ఏ బటన్ ఉందో గుర్తు పెట్టుకుని వాడతాడు, చదివి కాదు. బటన్ జరిగితే ఆయనకు ఫోన్ లేనట్టే. 2021 మార్చిలో వెబ్‌వ్యూ (యాప్స్ లోపల వెబ్ పేజీలు చూపించే ఆండ్రాయిడ్ భాగం) అప్‌డేట్ ఒకటి వచ్చి ఎన్నో దేశాల్లో ఆండ్రాయిడ్ యాప్స్ తెరవగానే మూసుకుపోయాయి, పేపర్లలో కూడా వచ్చింది. బాగున్నదాన్ని ముట్టుకోవడం ఎందుకని నా ప్రశ్న.

నల్గొండ మెకానిక్
సోమవారం, రాత్రి 10:58

అన్నా, మీ నాన్నగారి సంగతి వంద శాతం నిజం. కానీ డబ్బు పంపే యాప్‌ను, బ్యాంకు యాప్‌ను పాతదిగా ఉంచొద్దు. దొంగలు దూరే సందులు మూసేది అప్‌డేట్లలోనే. అన్నీ బంద్ చేయకుండా ఒక్కో యాప్‌కు విడిగా పెట్టుకోవచ్చు. ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కితే ఆటో అప్‌డేట్ టిక్ ఉంటుంది. బ్యాంకువి, మెసేజ్‌లవి, బ్రౌజర్ ఆన్‌లో ఉంచండి. రూపం మారితే ఇబ్బంది పడేవి ఆఫ్ చేసి, ఆదివారం మీరు పక్కన కూర్చుని చేయండి, నాన్నగారికి చూపించండి.

పాలమూరు కోడర్
సోమవారం, రాత్రి 11:47

మాది మహబూబ్‌నగర్, పని హైదరాబాద్‌లో. యాప్స్ రాయడమే ఉద్యోగం. ఆలస్యంగా చూశాను కానీ దీని మీద చెప్పాల్సింది చాలా ఉంది.

అప్‌డేట్ అంటే మనకు ఒకటే పనిలా కనిపిస్తుంది. లోపల మూడు పనులు. ఒకటి దించుకోవడం. ఇది ఎంతసేపైనా పట్టొచ్చు, కానీ మనకు అడ్డం కాదు. వెనకాల దిగుతుంటే పాత యాప్ మామూలుగానే నడుస్తుంది. రెండోది పాతదాన్ని తీసి కొత్తది పెట్టడం. ఇది కొద్ది క్షణాల పని, కానీ ఆ క్షణంలో నడుస్తున్న యాప్‌ను సిస్టమ్ ఆపేస్తుంది, ఆపక తప్పదు. సేవ్ చేయనిది ఏదైనా ఉంటే అక్కడ పోతుంది. మూడోది, కొత్త కోడ్‌ను ఆ ఫోన్ ప్రాసెసర్‌కు తగ్గట్టు సానబెట్టడం. ఆండ్రాయిడ్ 7 నుంచి, అంటే 2016 నుంచి, ఈ పని చాలావరకు ఫోన్ ఖాళీగా ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు జరుగుతుంది.

అక్క చెప్పిన రెండో సంఘటన నాకు వింతగా అనిపించింది. ఆటో అప్‌డేట్ అయితే యాప్ తెరిచి ఉండగా దాని మీద చెయ్యి వేయకూడదు. అక్కా, ఆ రోజు మీరే ప్లే స్టోర్‌లో ‘అన్నీ అప్‌డేట్’ నొక్కారా? మనం చేత్తో నొక్కితే అది ఆగి చూడదు. వరుస ఎప్పుడు వస్తే అప్పుడు పెట్టేస్తుంది. నెట్ మెల్లగా ఉంటే పొద్దున 8కి నొక్కింది 10:30కి మీ నెత్తిన పడొచ్చు.

ఇక సైజు సంగతి. యాప్ ఫైలు అంటే నొక్కి కట్టిన మూట. రాసేవాడు లోపల ఒక్క ముక్క మార్చినా, నొక్కాక బయటికి ఆ ఫైలు చాలావరకు కొత్తగా కనిపిస్తుంది. నారాయణపేట చీర మడత పెట్టి ఉంది అనుకోండి. అంచులో ఒక్క పోగు మారింది. మడత మీంచి రెండు చీరలను పోల్చి ఏ పోగు మారిందో చెప్పలేం. రెండూ విప్పి పరిచి పోలిస్తే తెలుస్తుంది. 2016 డిసెంబర్‌లో గూగుల్ చెప్పిన పద్ధతి అచ్చం ఇదే. ఫైలు ఫైలునూ విప్పి పోల్చి, తేడా మాత్రమే ఫోన్‌కు పంపడం. దాంతో పూర్తి యాప్‌తో పోలిస్తే అప్‌డేట్ సగటున 65 శాతం చిన్నదైంది, కొన్ని యాప్స్‌కు 90 శాతానికి మించి తగ్గింది. తేడా పట్టే పనికి వాడినది బీఎస్‌డిఫ్ అనే పాత, గట్టి పద్ధతి.

కష్టం ఎక్కడంటే, ఫోన్లో ఆ తేడా కలిపాక చీరను మళ్లీ అవే మడతల్లో మడవాలి. ఒక్క మడత తేడా వచ్చినా యాప్ మీద రాసినవాళ్లు వేసిన డిజిటల్ సంతకం సరిపోదు, ఫోన్ ఒప్పుకోదు. ఆ మడత పెట్టడానికి ప్రాసెసర్ కష్టపడాలి. 2015 నాటి ఫోన్లలో ఒక్కో ఎంబీకి సెకనుకు కాస్త ఎక్కువ పడుతుందని వాళ్లే చెప్పారు. అందుకే మొదట్లో ఈ పద్ధతిని వెనకాల జరిగే ఆటో అప్‌డేట్లకే ఉంచారు. మనిషి ఎదురుచూస్తున్నప్పుడు అంతసేపు కూర్చోబెట్టకూడదని. రాత్రి మెల్లగా జరిగే అప్‌డేట్ మీద నాకు అంత నమ్మకం ఉండడానికి ఇదే కారణం. డేటా తక్కువ పట్టేలా, మనిషికి అడ్డం రాకుండా ఉండేలా కట్టింది ఆ దారినే.

నారాయణపేట మగ్గం
మంగళవారం, పొద్దున 6:15

మడత సంగతి బాగా చెప్పారు తమ్ముడూ. మా ఇంట్లో రోజూ చూసే పనే, ఒక్కసారికే అర్థమైంది.

చందంపేట దారి
మంగళవారం, పొద్దున 6:40

మీరు అడిగింది నిజమే బాబూ. ఆ పొద్దున బస్సులో వస్తూ ప్లే స్టోర్ తెరిచి ‘అన్నీ అప్‌డేట్’ నొక్కాను. మల్లేపల్లి దాటాక నెట్ పోయింది, మరిచిపోయాను. యాప్ తనే చేసుకుందనుకుని ఇన్నాళ్లూ దాన్నే తిట్టుకున్నాను.

మన్ననూరు మలుపు
మంగళవారం, మధ్యాహ్నం 1:25

మాది నల్లమల అంచు. శ్రీశైలం రోడ్డు మీద అడవిలోకి పోతే చాలా దూరం సిగ్నలే ఉండదు, లోపలి పెంటల్లో, అంటే చెంచుల గూడేల్లో ఉండేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వారానికోసారి అచ్చంపేటకు పోయినప్పుడు మా దోస్తు ఇంట్లో వైఫైకి తగిలించి అన్నీ చేసుకుంటాను. మధ్యలో అవసరమైతే తమ్ముడి ఫోన్ హాట్‌స్పాట్ తీసుకుంటాను. హాట్‌స్పాట్ కూడా వైఫై కిందికే వస్తుంది కదా, మరి రాత్రంతా తగిలించి ఉంచినా ఒక్క యాప్ కూడా అప్‌డేట్ కావడం లేదు. ఎందుకు?

పాలమూరు కోడర్
మంగళవారం, మధ్యాహ్నం 2:02

ఎందుకంటే మీ ఫోన్‌కు ఆ సంగతి తెలుసన్నా. ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చేటప్పుడు ‘ఇది లెక్కగల నెట్’ అని అవతలి ఆండ్రాయిడ్ ఫోన్‌కు చెప్పేస్తుంది. మన డేటా కాపాడటానికే పెట్టారు. మీరు కావాలనే వాడదలుచుకుంటే, వైఫై సెట్టింగ్స్‌లో ఆ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి, నెట్‌వర్క్ యూసేజ్ దగ్గర ‘అన్‌మీటర్డ్’ పెట్టండి. పని అయ్యాక మళ్లీ మార్చండి, లేకపోతే ఫొటోల బ్యాకప్పులూ అవీ తమ్ముడి ప్యాక్ మొత్తం తాగేస్తాయి. రోజు కోటా అయిపోతే ఎక్కువ ప్యాకుల్లో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంలో 40 ఎంబీ దిగాలంటే దాదాపు గంటన్నర పడుతుంది.

రిటైర్డ్ సార్, పాలమూరు
మంగళవారం, సాయంత్రం 5:30

పదేళ్ల కిందటి సంగతి గుర్తొచ్చింది. ఆండ్రాయిడ్ 5 ఉన్న రోజుల్లో సిస్టమ్ అప్‌డేట్ అయితే ‘యాప్ 1 ఆఫ్ 112 ఆప్టిమైజ్ అవుతోంది’ అని లెక్క పెట్టుకుంటూ కూర్చునేవాళ్లం. టీ తాగి, పేపర్ చదివి వచ్చినా 70 దాటేది కాదు. ఇప్పుడు అది ఎందుకు కనిపించదో కోడర్ బాబు రాసింది చదివాక తెలిసింది. ఫోన్ సిస్టమ్ అప్‌డేట్ కూడా ఇప్పుడు పక్కన ఇంకో అరలో తయారై, రీస్టార్ట్ చేయగానే అటు మారుతుందని మా మనవరాలు చెప్పింది. నిజమేనా?

పాలమూరు కోడర్
మంగళవారం, సాయంత్రం 6:05

నిజమే సార్. ఆ రెండు అరల పద్ధతి ఆండ్రాయిడ్ 7తో వచ్చింది. కొత్తది పాడైతే పాత అరలోంచే ఫోన్ లేస్తుంది, అదే దాని గొప్పతనం. 2019లో ఆండ్రాయిడ్ 10 నుంచి సిస్టమ్‌లోని కొన్ని భాగాలను ప్లే స్టోర్ దారిలోనే విడిగా మారుస్తున్నారు. ఫోన్ కంపెనీ కోసం ఏడాది ఎదురుచూడక్కర్లేదు.

మిర్యాలగూడ లెక్కలు
మంగళవారం, రాత్రి 8:48

రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. ఆఫీసులో ఏడు ఫోన్లు, ఒకటే బ్రాడ్‌బ్యాండ్. వడ్ల సీజన్‌లో లారీలు వరుస కట్టినప్పుడు ఒక కుర్రాడు వచ్చీ రాగానే ‘అన్నీ అప్‌డేట్’ నొక్కుతాడు, కాటా బిల్లు కదలదు. ఇదివరకు ప్లే స్టోర్ ఒక్కో యాప్‌నే దించేది, 2024 నుంచి ఒకేసారి రెండు మూడు దిగుతున్నాయి. తొందరగా అవుతుంది కానీ ఆ కాసేపు మిగిలినవాళ్ల నెట్ అంతా అదే లాగేస్తుంది. మేం పెట్టుకున్న నియమం ఒకటే. ఫోన్లన్నీ రాత్రి ఆఫీసులోనే వైఫై మీద ఛార్జింగ్‌లో ఉంటాయి, పగలు ఎవరూ ప్లే స్టోర్ తెరవకూడదు. ఈ సీజన్ మొత్తం లొల్లి లేదు.

జడ్చర్ల పత్తి
మంగళవారం, రాత్రి 9:15

నాన్న ఫోన్లో మూడు చుక్కల దగ్గర ఒక్కోదానికి విడిగా పెట్టాను. బ్యాంకువి ఆన్ చేశాను. కానీ కోడర్ తమ్ముడూ, నా వెబ్‌వ్యూ ప్రశ్నకు జవాబు రాలేదు.

పాలమూరు కోడర్
మంగళవారం, రాత్రి 10:30

మీ ప్రశ్న, అక్క అడిగిన రెండో ప్రశ్న కలిపి చెబుతాను, రెండింటికీ బాధ్యులు మా వాళ్లే.

ఏ అప్‌డేట్‌నూ ఒకేసారి అందరికీ వదలనక్కర్లేదు. ముందు నూటికి ఒక్కరికో ఐదుగురికో ఇచ్చి, యాప్ కూలిపోతోందేమో రెండు రోజులు చూసి, బాగుంటే పెంచుకుంటూ పోవచ్చు. తేడా వస్తే మధ్యలో ఆపేయొచ్చు. ప్లే స్టోర్‌లో ఈ ఏర్పాటు ఎప్పటి నుంచో ఉంది. మీరు చెప్పినలాంటివి జరిగినప్పుడల్లా మేం నేర్చుకోవాల్సింది ఇదే. తొందరపడి నూరు శాతానికి వదిలేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అది తప్పు.

ఇక తలుపు మూసేయడం. కొన్నేళ్ల కిందట ఊళ్లు తిరిగేవాళ్ల కోసం ఒక యాప్ నేనే రాశాను. తెరవగానే వెర్షన్ చూసి, పాతదైతే ఆపేసి అప్‌డేట్ బటన్ చూపించేలా పెట్టాను. అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉంటే నాకు పని సులువు, అంతే ఆలోచించాను. ఒక రోజు కొల్లాపూర్ వైపు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. కృష్ణ ఒడ్డున ఉన్నాడు, సిగ్నల్ మాటకే సరిపోతోంది, డేటాకు సరిపోవడం లేదు. ‘సార్, నేను ఇంత దూరం వచ్చింది ఊరికేనా?’ అని అడిగాడు. ఆ మాట ఇవాళ్టికీ నా చెవుల్లో ఉంది.

ఆ వారమే మార్చాను. యాప్ లోపలే అప్‌డేట్ అడిగే ఏర్పాటు ఆండ్రాయిడ్‌లో 2019 నుంచి అందరికీ ఉంది. అందులో రెండు రకాలు. ఒకటి తెర మొత్తం ఆక్రమించి, అయ్యేదాకా కదలనివ్వదు. ఇంకోటి వెనకాల దించుకుంటుంది, మనిషి తన పని చేసుకుంటాడు. పూర్తయ్యాక కింద ఒక చిన్న పట్టీలో ‘సిద్ధంగా ఉంది, రీస్టార్ట్ చేయాలా’ అని అడుగుతుంది. మొదటి రకం నిజంగా ప్రమాదం ఉన్నప్పుడే వాడాలి, అంటే పాత వెర్షన్ తప్పుడు లెక్కలు రాస్తున్నప్పుడో, భద్రతకు గండి పడినప్పుడో. మిగతా అన్నింటికీ రెండోదే. పాత వెర్షన్ నుంచి వచ్చే సమాచారాన్ని కనీసం రెండు వారాలు సర్వర్ తీసుకోవాలి. అక్క కొట్టిన 9 కిలోల 400 అనే అంకె సేవ్ బటన్ కోసం ఆగకూడదు, కొట్టగానే ఫోన్‌లోనే చిత్తుప్రతిగా దాచాలి. యాప్ ఏ కారణంతో మూసుకుపోయినా మళ్లీ తెరిస్తే అక్కడే ఉండాలి. ఇది కష్టమైన పని కాదు. నేను చేశాను కాబట్టే చెబుతున్నాను, రెండు రోజులు పట్టింది.

యాప్ బరువు తగ్గించడం కూడా మా చేతిలోనే ఉంది. 2018లో యాప్ బండిల్ వచ్చింది, 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో పెట్టే కొత్త యాప్స్‌కు అదే తప్పనిసరి. ఏ ఫోన్‌కు ఏ భాష, ఏ తెర సైజు, ఏ ప్రాసెసర్ కావాలో అంతవరకే పంపుతుంది. దాన్ని సరిగా వాడి, లోపల వీడియోలూ పెద్ద బొమ్మలూ నింపకుండా ఉంటే చాలు, ట్యాంకు మెట్ల మీద కూడా దిగుతుంది. ఆండ్రాయిడ్ 14లో ఇంకో మంచి ఏర్పాటు వచ్చింది. యాప్స్ పెట్టే స్టోర్ ముందుగా సిస్టమ్‌ను ‘ఇప్పుడు మారిస్తే ఎవరికైనా అడ్డమా’ అని అడిగి, మనిషి దానితో పనిలో లేని వేళ చూసి పెట్టొచ్చు. కొత్త ఫోన్లలో దాని ఫలం అందుతుంది, అక్క చేతిలో ఉన్న పాత ఫోన్‌కు మాత్రం మేం రాసే యాపే మర్యాదగా ఉండాలి.

కల్వకుర్తి పోరడు
బుధవారం, పొద్దున 8:20

మా ఆఫీసు యాప్ ప్లే స్టోర్‌లో లేదు. కొత్తది వచ్చినప్పుడల్లా వాట్సాప్ గ్రూపులో ఏపీకే ఫైలు (స్టోర్ లేకుండా నేరుగా పెట్టుకునే యాప్ ఫైలు) పెడతారు, దించుకుని ఇన్‌స్టాల్ చేయమంటారు. ప్రతిసారీ 85 ఎంబీ. ఇది తగ్గే దారి ఉందా?

నల్గొండ మెకానిక్
బుధవారం, పొద్దున 9:05

తగ్గదు తమ్మీ. తేడా మాత్రమే పంపడం, రాత్రి తనే చేసుకోవడం, ఇవన్నీ స్టోర్ దారిలో ఉన్న సౌకర్యాలు. వాట్సాప్‌లో వచ్చేది ప్రతిసారీ మొత్తం మూటే.

డేటా కన్నా పెద్ద ప్రమాదం ఇంకోటి ఉంది, దయచేసి అందరూ చదవండి. వాట్సాప్‌లో ఏపీకే వస్తే నొక్కి పెట్టుకోవడం అలవాటైనవాళ్లే మోసగాళ్లకు సులువుగా దొరుకుతారు. పెళ్లి పత్రిక అని, చలాన్ అని, బ్యాంకు కేవైసీ అని ఇలాంటి ఫైళ్లే పంపుతున్నారు. ఒక్కసారి పెట్టుకుంటే మెసేజ్‌లు చదివి ఓటీపీలు లాగేస్తాయి. పోయిన వేసవిలో మిర్చి అమ్మిన డబ్బు మొత్తం పోగొట్టుకున్న పెద్దాయన ఫోన్ నా టేబుల్ మీదే తెరిచాను. ఆయన చేతులు వణుకుతుంటే పాస్‌వర్డ్ కూడా నేనే కొట్టాను. అలా జరిగితే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మీ ఆఫీసు వాళ్లను యాప్‌ను ప్లే స్టోర్‌లో పెట్టమని గట్టిగా అడగండి. ఈలోపు తప్పనిసరైతే, ఆ ఫైలు పంపింది మీ పైవాళ్లేనా అని ఫోన్ చేసి కనుక్కున్నాకే పెట్టండి. పెట్టగానే వాట్సాప్‌కు ఇచ్చిన ‘తెలియని యాప్స్ ఇన్‌స్టాల్’ అనుమతి తీసేయండి.

భువనగిరి లోకల్
బుధవారం, పొద్దున 11:12

ఐఫోన్ వాళ్ల కోసం ఒక మాట. సెట్టింగ్స్‌లో (కొత్త ఐఓఎస్‌లో అయితే ముందు ‘యాప్స్’లోకి వెళ్లి) యాప్ స్టోర్ తెరిస్తే ఆటోమేటిక్ డౌన్‌లోడ్స్ కింద ‘యాప్ అప్‌డేట్స్’ ఉంటుంది. మొబైల్ డేటా మీద చేయాలా వద్దా అనే స్విచ్ దాని కిందే వేరుగా ఉంటుంది. వైఫై లేనివాళ్లు రెండూ చూసుకోండి.

చందంపేట దారి
తర్వాతి బుధవారం, రాత్రి 9:20

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను. అందరూ ఇంత ఓపికగా రాసినందుకు నా మనసు నిండింది.

మొదటి రాత్రి డేటా ఆన్‌లోనే ఉంచి ఛార్జింగ్ పెట్టాను. పొద్దున చూస్తే పదకొండు యాప్స్ అయిపోయాయి. కానీ కొత్త రోజు ప్యాక్‌లోంచి 900 ఎంబీ పోయింది. వెతికితే అందులో 700 మా చిన్నోడి ఆటదే. దానికి మూడు చుక్కల దగ్గర టిక్ తీసేశాను. రెండో రాత్రి నుంచి 10:30కి మెకానిక్ తమ్ముడు చెప్పినట్టు మిగిలిన డేటాతో పని యాప్ ఒక్కటే చూసుకుంటున్నాను. మొన్న శుక్రవారం మళ్లీ కొత్త వెర్షన్ వచ్చింది. మా పక్క ఊరి ఆమె పొద్దున 9:20కి నాకు ఫోన్ చేసి ‘నీక్కూడా ఆగిందా’ అని ఏడ్చినంత పని చేసింది. నాది రాత్రే అయిపోయింది, 9:08కి హాజరు వేశాను. ఆ సాయంత్రం ఆమె ఫోన్లో కూడా సెట్టింగ్ మార్చి ఇచ్చాను. ఇప్పటికి నలుగురికి చేశాను.

బరువులు మాత్రం ముందు నోటు పుస్తకంలో రాసుకుని తర్వాత ఎక్కిస్తున్నాను. రెండుసార్లు పని, కానీ తల్లులను మళ్లీ పిలవాల్సిన అవసరం రాదు. కోడర్ బాబు చెప్పిన మూడు మాటలు, అంటే రెండు వారాల గడువు, వెనకాల దిగడం, కొట్టగానే దాచడం, తెల్ల కాగితం మీద రాసి మా సూపర్‌వైజర్ మేడమ్‌కు ఇచ్చాను. పైకి పంపుతానంది.

డేటా ఆన్‌లో ఉంచడం మొదట్లో రెండుసార్లు మరిచిపోయాను, ఇరవై ఏళ్ల అలవాటు కదా, నిద్రపోయే ముందు అన్నీ ఆపేయడం. ఛార్జర్ మీద ఎర్ర టేపు ముక్క అంటించాను. అది చూడగానే గుర్తొస్తుంది.

పాలమూరు కోడర్
తర్వాతి బుధవారం, రాత్రి 9:44

అక్కా, ఆ కాగితం ఫొటో తీసి పెట్టుకోండి. పైవాళ్లు ఎవరైనా వివరం అడిగితే నాకు ఇక్కడే మెసేజ్ పెట్టండి, ఎలా చేయాలో వాళ్ల ప్రోగ్రామర్‌తో నేనే మాట్లాడతాను.

నల్గొండ మెకానిక్
తర్వాతి బుధవారం, రాత్రి 9:58

ఖాళీ 3 జీబీ అన్నారు కదా, అది 1 జీబీ కిందికి రాకుండా చూసుకోండి. పాతదీ కొత్తదీ కాసేపు రెండూ పట్టాలి, చోటు లేకపోతే రాత్రి అప్‌డేట్ మధ్యలోనే ఆగుతుంది. నల్గొండ వచ్చినప్పుడు ఫోన్ తీసుకురండి, వాట్సాప్ వీడియోలు ఖాళీ చేసి ఇస్తాను, డబ్బులేం వద్దు.

చందంపేట దారి
తర్వాతి బుధవారం, రాత్రి 10:03

శనివారం మీటింగ్ ఉంది, వస్తాను తమ్ముడూ. ఆ నలుగురి ఫోన్లూ తెస్తాను. 10:30కి ప్లే స్టోర్ చూసి పడుకుంటాను.